మామిడి టెంకలోని నూనె



వేసవి వచ్చినదనగా తెలుగునాట మామిడిపండు లేని ఇల్లుండదు. నూజివీడు రసములు, బంగినపల్లి, సువర్ణరేఖ, చెరుకురసము, కలెక్టరు మొదలగు రకములు ఒకదాని వెనుక నొకటి బజారునకు వచ్చును. పండు తిన్నవారు టెంకను పెరటిలోనికి విసరివేయుదురు. పశువు దానిని నాకి విడుచును. తొలకరి వానకు అది మొలకెత్తి, నీరు పోయువారు లేక నాలుగు దినములలో మాడిపోవును. రసము తీయు కర్మాగారముల వెనుక ఈ టెంకలు కొండలవలె పేరుకొని, కుళ్లి, దుర్గంధమునకును ఈగలకును నిలయములగుచుండును.

ఆ టెంకను పగులగొట్టినచో లోపల తెల్లని పప్పు కనబడును. దానినే జీడియందురు. జీడిమామిడి చెట్టున కాయు జీడిపప్పు వేరు, ఇది వేరు. మామిడి జీడి వగరు. నోటబెట్టినవారు వెంటనే ఉమిసివేయుదురు. అయినను ఈ వగరుపప్పులో ఒక నూనె కలదు. శుద్ధిచేసిన పిమ్మట అది దూరదేశములలో చాకొలెట్టు మిఠాయిలలోను, చర్మమునకు రాచుకొను లేపనములలోను చేరుచున్నది. దారిన పారవేయబడిన వస్తువు ఇంత దూరము పోవుటకు కారణమేమి? ఆ నూనెను ఇంటిలో వంటకు వాడవచ్చునా? గానుగలో ఆడించిన దిగునా? మామిడి జీడివలెనే ఇతర ఫలముల గింజలనుండియు నూనె తీసి తినవచ్చునా? ఈ ప్రసంగమునకు ఈ ప్రశ్నలే విషయము.

ఆరంభముననే ఒక మాట స్పష్టము చేయవలసియున్నది. పండు తియ్యనిదైనంత మాత్రమున దాని గింజలోని నూనె తినదగినదని తలంచరాదు. గింజ వగరైనంత మాత్రమున అందలి నూనె పనికిరానిదనియు తలంచరాదు. నూనెయొక్క యోగ్యతను నిర్ణయించునవి మూడు: దానిలోని ఆమ్లముల పాళ్లు, దానితో కలిసి దిగు ఇతర పదార్థములు, గింజను నూనె తీయుటకు ముందు భద్రపరచిన రీతి. ఈ మూడింటిని ఎరిగినవాడు మోసపోడు, ప్రమాదమునకు గురికాడు.

గింజలో నూనె ఎందుకుండును? మొలకకు వేరు దిగి, ఆకు పచ్చబడి, తన ఆహారమును తాను సిద్ధము చేసికొనువరకు కొంతకాలము పట్టును. అంతవరకు దానికి కావలసిన కూడును తల్లిచెట్టు గింజలోనే మూటగట్టి ఉంచును. కొన్ని గింజలలో ఆ మూట పిండిపదార్థము. వరి, జొన్న అట్టివి. కొన్నింటిలో నూనె, నువ్వులు, వేరుసెనగలు అట్టివి. ఒక గ్రాము పిండిపదార్థము సుమారు 4 కేలరీల శక్తి నిచ్చును. ఒక గ్రాము నూనె 9 కేలరీల నిచ్చును. కావున నూనె కొద్దిచోటులో ఎక్కువ శక్తిని దాచు సాధనము. మామిడి జీడి ముఖ్యముగా పిండిని దాచుకొన్న గింజ. ఎండిన జీడిలో సగమునకు పైగా పిండిపదార్థమే. మాంసకృత్తులు నూటికి 6 పాళ్లకు అటునిటు. నూనె రకమునుబట్టి నూటికి 6 మొదలు 15 పాళ్లవరకు, సాధారణముగా 10 పాళ్ల దరిదాపున నుండును. వగరునకు కారణమైన టానిను పదార్థములు మిగిలినవానిలో ముఖ్యములు.

నూనెలన్నియు చూపునకు ఒకటే అయినను, వాని లోపలి కట్టుబాటు వేరు. ఈ రహస్యమును మొదట విప్పినవాడు మిషెల్ యూజీన్ షెవ్రూల్ అను ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు. 1786లో జన్మించి 1889 వరకు, అనగా నూరేండ్లు దాటి జీవించిన ఈ మహనీయుడు కొవ్వులను గూర్చిన తన పరిశోధనలను 1823లో గ్రంథముగా ప్రకటించెను. నూనెగాని, నెయ్యిగాని, జంతువుల కొవ్వుగాని, ఏదైనను గ్లిసరిన్ అను తియ్యని ద్రవమును, కొన్ని ఆమ్లములును కూడి ఏర్పడినదే యని ఆయన నిరూపించెను. ఆ ఆమ్లములకు కొవ్వు ఆమ్లములని, స్నేహామ్లములని పేర్లు. సబ్బు కాచునప్పుడు క్షారము ఈ ఆమ్లములను గ్రహించి సబ్బుగా మారును, గ్లిసరిన్ విడిపడును.

త్రిశూలమును మనస్సున ఊహించినచో నూనె కణము బోధపడును. త్రిశూలమునకు పిడివంటిది గ్లిసరిన్. మూడు మొనలవంటివి మూడు ఆమ్లములు. ఈ మొనలు కొన్ని తిన్ననివి, కొన్ని వంగినవి. స్టియరిక్ ఆమ్లము తిన్నని మొన. ఒలియిక్ ఆమ్లము ఒకచోట వంగిన మొన. లినోలియిక్ ఆమ్లము రెండుచోట్ల వంగిన మొన. ఈ మూడింటిలోను 18 కర్బన పరమాణువులే యుండును. భేదమంతయు వంపులోనే కలదు. తిన్నని కట్టెలను మోపుగట్టినచో అవి ఒకదానికొకటి అంటుకొని గట్టిగా నిలుచును. వంకర కట్టెలు ఎంత బిగించినను మోపు కుదురదు. అట్లే తిన్నని ఆమ్లములు గల కొవ్వు గడ్డకట్టును. వంగిన ఆమ్లములు గల నూనె ద్రవముగానే యుండును. స్టియరిక్ ఆమ్లము కరగుటకు సుమారు 69 సెంటీగ్రేడు డిగ్రీల వేడి కావలెను. ఒలియిక్ ఆమ్లము 13 డిగ్రీలకే కరగును. లినోలియిక్ ఆమ్లము మంచు గడ్డకట్టు చలిలోను ద్రవముగానే యుండును.

ఇక మామిడి జీడినూనెలో ఈ ఆమ్లములు ఏ పాళ్లలో ఉన్నవి? స్టియరిక్ ఆమ్లము నూటికి 40 పాళ్ల దరిదాపున, ఒలియిక్ ఆమ్లము 40 మొదలు 45 పాళ్లవరకు, పామిటిక్ ఆమ్లము 6 మొదలు 9 పాళ్లవరకు, లినోలియిక్ ఆమ్లము 5 పాళ్ల దరిదాపున సాధారణముగా కనబడును. చెట్టు రకమునుబట్టియు, నేలనుబట్టియు ఈ అంకెలు మారుచుండును. తిన్నని ఆమ్లమును వంగిన ఆమ్లమును ఇంచుమించు సమానముగా నుండుటచే ఈ నూనె శీతకాలమున గడ్డగా నుండి, ఎండ ముదిరినప్పుడు కరగును. కనుక దీనిని నూనె యనుటకంటె కొవ్వు లేక వెన్న యనుట ఉచితము. అంగళ్లలో దీనికి మామిడి వెన్న యను పేరు కలుగుటకు ఇదియే హేతువు.

నూనెలను పరీక్షించువారు అయొడిన్ సంఖ్య యను కొలత నొకదానిని వాడుదురు. వంపులెన్ని యున్నవో తెలుపు కొలత యిది. వంపులు హెచ్చిన సంఖ్య హెచ్చును. కొబ్బరినూనెకు ఈ సంఖ్య 10కి లోపు. మామిడి జీడికొవ్వునకు 32 మొదలు 57 వరకు. వేరుసెనగనూనెకు 85 మొదలు 99 వరకు. నువ్వులనూనెకు 100 దాటును. ద్రాక్షగింజల నూనెకు 130 దరిదాపున లేక అంతకు మించియుండును. ఈ సంఖ్య ఒక్కదానిని చూచినను, ఏ నూనె గడ్డకట్టునో, ఏది చలికాలమునను పారునో, ఏది గాలికి త్వరగా చెడునో కొంతవరకు ఊహింపవచ్చును. ఏలయన గాలిలోని ప్రాణవాయువు నూనెను పట్టునది ముఖ్యముగా ఈ వంపులవద్దనే. వంపులు తక్కువగుటచే మామిడి జీడికొవ్వు, శుద్ధిచేసి భద్రపరచినయెడల, త్వరగా మక్కువాసన కొట్టదు. విటమిన్ ఇ జాతికి చెందిన టోకోఫెరాలులును స్వల్పముగా ఇందుండి దానిని కాపాడుచుండును.

చాకొలెట్టునకు దీనితో సంబంధ మెట్లు కలిగినదో ఇప్పుడు విచారింపవలెను. చాకొలెట్టునకు ప్రాణము కోకో వెన్న. అది చేతిలో గట్టిగా నుండి, నోటబెట్టినంతనే కరగును. శరీరపు వేడి 37 డిగ్రీలు. కోకో వెన్న కరగునది సుమారు 34 డిగ్రీలవద్ద. ఈ గుణమునకు కారణము దాని త్రిశూలముల అమరిక: ఇరుప్రక్కల తిన్నని ఆమ్లములు, నడుమ ఒలియిక్ ఆమ్లము. మామిడి జీడికొవ్వులోని త్రిశూలములలో పెక్కు ఇట్టివే. ఇరుప్రక్కల స్టియరిక్, నడుమ ఒలియిక్. అందుచేత అది కోకో వెన్నతో పొసగి కలియును. ఐరోపా సమాఖ్య 2000 సంవత్సరమున చేసిన శాసనము ప్రకారము చాకొలెట్టులో కోకో వెన్న కాక మరి ఆరు కొవ్వులను నూటికి 5 పాళ్లు మించకుండ కలుపవచ్చును. ఆ ఆరు: బోర్నియో ద్వీపపు ఇల్లిపె, పామునూనె, సాలగింజల కొవ్వు, ఆఫ్రికాఖండపు షియా, కొంకణ తీరపు కోకమ్, మామిడి జీడికొవ్వు. భారతదేశపు ఆహార ప్రమాణములలోను మామిడి జీడికొవ్వునకు ప్రత్యేక లక్షణములు నిర్ణయింపబడియున్నవి. తెలుగునాట పెరట పారవేయు వస్తువునకు అంత గౌరవము లభించుట గమనింపదగినది.

మరియొక విశేషము. గడ్డగా నుండు కొవ్వు కావలెనన్న కోరికతో మానవుడు పూర్వము ఒక కృత్రిమ మార్గమును త్రొక్కెను. 1902లో విల్హెల్మ్ నార్మన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ద్రవనూనెలోనికి హైడ్రోజను వాయువును పంపి గడ్డకట్టించు విధమునకు హక్కుపత్రము పొందెను. వనస్పతి పుట్టినది ఈ మార్గముననే. ఆ పని అసంపూర్ణముగా జరిగినప్పుడు వంగిన ఆమ్లములలో కొన్ని వంపును కోల్పోయి ట్రాన్సు కొవ్వులుగా మారును. ఇవి గుండెజబ్బునకు దోహదము చేయునని అనంతరకాలమున తేలినది. భారతదేశమున 2022 జనవరి 1 నుండి నూనెలలోను కొవ్వులలోను ఇవి నూటికి 2 పాళ్లు మించరాదను నియమము అమలులోనికి వచ్చినది. మామిడి జీడికొవ్వు ప్రకృతిసిద్ధముగనే గడ్డకట్టునది. హైడ్రోజను పంపవలసిన అగత్యము లేదు. కావున ఆ దోషము దానికి అంటదు.

అంతమాత్రమున ఇది అమృతమని భావింపరాదు. పోషణదృష్టితో దీని గుణదోషములను రెండింటిని తూచి చూడవలెను. తిన్నని ఆమ్లములు గల కొవ్వులు రక్తములోని కొలెస్టరాలును హెచ్చించునని సామాన్యముగా చెప్పుదురు. పామిటిక్ ఆమ్లమును గూర్చి అది నిజము. స్టియరిక్ ఆమ్లము మాత్రము అంతగా హెచ్చింపదని పలు పరిశోధనలలో కనబడినది. శరీరము దానిలో కొంతభాగమును ఒలియిక్ ఆమ్లముగా మార్చుకొనును. ఇది మేలు. కాని లోటు కూడ కలదు. 1929లో అమెరికాలో జార్జి బర్, మిల్‌డ్రెడ్ బర్ అను దంపతులు ఎలుకలపై చేసిన పరీక్షలలో, కొవ్వు బొత్తిగా లేని ఆహారము తిన్న ఎలుకల చర్మము పొలుసులు లేచి, పెరుగుదల కుంటువడుట గమనించిరి. లినోలియిక్ ఆమ్లమును శరీరము తనంత తాను తయారుచేసికొనజాలదనియు, ఆహారముననే అది లభింపవలెననియు ఇట్టి పరీక్షలవలన తెలియవచ్చినది. ఆ ఆమ్లము నువ్వులనూనెలో నూటికి 40 పాళ్ల దరిదాపున, వేరుసెనగనూనెలో 30 పాళ్ల దరిదాపున, సాధారణపు కుసుమనూనెలో 70 పాళ్లకు పైగా నుండును. మామిడి జీడికొవ్వులో 5 పాళ్లే. కనుక వేరుసెనగకు, నువ్వులకు బదులుగా ఇంటివంటకు ఇదియొకటే చాలునని యెవరైనను చెప్పినచో నమ్మరాదు.

నూనెల వాడుకను గూర్చి తెలుగునాటనే ఒక ప్రామాణిక సంస్థ కలదు. 1918లో కూనూరులో మెక్కారిసన్ అను వైద్యుడు ప్రారంభించిన చిన్న పరిశోధనాలయము 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు దాల్చినది. ఏడాది పొడవున ఒకే నూనెను వాడక, రకములను మార్చుచు, మితముగా వాడవలెనని ఆ సంస్థ ఉపదేశము. ఏ నూనెయైనను గ్రామునకు 9 కేలరీలే. ఖరీదైనదియు, చౌకైనదియు ఈ విషయమున సమానములే.

ఇక జీడినుండి నూనె తీయు విధమునకు వత్తము. ఎండుకొబ్బరిలో నూటికి 60 పాళ్లకు పైగా నూనె యుండును. నువ్వులలోను వేరుసెనగపప్పులోను సగము దరిదాపున నుండును. అట్టి గింజలను గానుగలో వేసినచో నూనె దిగును. మామిడి జీడిలో నున్నది నూటికి 10 పాళ్లే. దానిని గానుగలో వేసినచో ఆ కొద్ది నూనెను పిండియే పీల్చుకొనును. కాబట్టి కర్మాగారములలో జీడిని ఎండబెట్టి, నలుగగొట్టి, పలుచని అటుకులవలె చేసి, హెక్సేను అను ద్రావకముతో కడుగుదురు. నూనె ఆ ద్రావకమున కరగి వచ్చును. పిమ్మట ద్రావకమును ఆవిరిగా తోలి మరల పట్టుకొందురు. మిగిలిన ముడినూనెలోని విడి ఆమ్లములను క్షారముతో తొలగించి, రంగును ప్రత్యేకమైన మట్టితో తీసివేసి, వాసనను ఆవిరితో పోగొట్టిన పిమ్మటనే అది తినదగినది యగును. ఇది ఇంటిలో చేయు పని కాదు. హెక్సేను ఆవిరి నిప్పురవ్వకే భగ్గుమనును. నూనె పరిశ్రమకు కావలసిన విద్యను, పరిశోధనను అందించు సంస్థలు తెలుగునాట అనంతపురమునను హైదరాబాదునను కలవు.

రాబడి యెంతయో లెక్క చూచికొనుట మంచిది. పండు బరువులో టెంక, రకమునుబట్టి, నూటికి 10 మొదలు 25 పాళ్లవరకు నుండును. 100 కిలోల పండ్లలో టెంకలు 18 కిలోలనుకొందము. వానిలో పచ్చిజీడి సుమారు 10 కిలోలు. ఎండిన పిమ్మట అది 5 కిలోలకు దిగును. అందుండి వచ్చు కొవ్వు అరకిలో. టన్ను పండ్లకు 5 కిలోలు మాత్రమే! కావున ఒక ఇంటి పెరటిలోని టెంకలతో ఎవరును ధనవంతులు కారు. కాని దేశమున ఏటేట రెండుకోట్ల టన్నులకు మించి మామిడి పండుచున్నది. ప్రపంచమున ఇంత పండించు దేశము మరియొకటి లేదు. చిత్తూరు ప్రాంతమున కలెక్టరు మామిడినుండి గుజ్జు తీయు కర్మాగారములవద్ద టెంకలు ఒక్కచోటనే రాశిపడును. నూజివీడు, కొల్లాపురము, జగిత్యాల వంటి తోటల సీమలలో వేసవి రెండుమూడు మాసములు పండ్లు దండిగా నుండును. టెంకలు ఒక్కచోట చేరినప్పుడే ఈ పరిశ్రమకు అర్థము కలదు. కొనువాడు ఎంత దూరమున నున్నాడు, కిలోకు ఏమి ధర యిచ్చును, బండిబాడుగ యెంత యను మూడింటిని ముందుగా తెలిసికొనక టెంకలు పోగుచేసినవారికి శ్రమయే మిగులును.

తక్కిన ఫలముల గింజలను గూర్చియు కొంత తెలిసికొనవలసియున్నది. ఇప్పగింజ పప్పులో నూటికి 35 మొదలు 50 పాళ్లవరకు నూనె యుండును. అడవిసీమల గిరిజనులు దానిని దీపమునకును వంటకును వాడిరి. సబ్బుల తయారికిని అది పోవును. పుచ్చగింజల పప్పులో సగము దరిదాపున నూనె. అందు లినోలియిక్ ఆమ్లము హెచ్చు. ద్రాక్షగింజలలో నూనె నూటికి 10 మొదలు 15 పాళ్లే అయినను, అందు లినోలియిక్ ఆమ్లము 70 పాళ్ల దరిదాపున నుండును. మామిడి జీడికొవ్వునకు ఇది పూర్తిగా ఎదురు స్వభావము గలది. సాధారణమైన చలికి గడ్డకట్టదు, గాలికి మాత్రము త్వరగా చెడును. రెండును పండు గింజల నూనెలే! పేరు ఒకటైనంతనే గుణము ఒకటి కాదనుటకు ఇంతకంటె నిదర్శనము వేరు వలదు.

మరికొన్ని గింజల విషయమున జాగ్రత్త ప్రాణముతో సమానము. సీతాఫలము తియ్యని పండు. దాని గింజ విషము. తలపేలకై ఆ గింజలను నూరి రాయు అలవాటు పల్లెలలో కలదు. ఆ పొడి కంటిలో పడినచో నల్లగ్రుడ్డుపై పొర దెబ్బతిని, విపరీతమైన మంటయు, చూపు మసకబారుటయు కలుగును. వేపనూనె పంటలకు పురుగుమందుగా శ్రేష్ఠము. కాని శిశువులకు దానిని త్రాగించుటవలన వాంతులు, మగత, మూర్ఛ కలిగి ప్రాణాపాయము సంభవించినట్లు వైద్యులు నమోదు చేసియున్నారు. కానుగనూనె దీపమునకును, తోళ్ల పరిశ్రమకును, యంత్రములకును తగినది, వంటకు తగదు. ఈ నూనెలలోని కొవ్వు ఆమ్లములు మామిడిలోనివంటివే కావచ్చును. కీడు చేయునవి ఆ ఆమ్లములు కావు. వానితో కలిసి దిగు చేదు పదార్థములు. మొదట చెప్పిన రెండవ సూత్రమునకు ఇదియే తాత్పర్యము.

మూడవ సూత్రము భద్రపరచు రీతిని గూర్చినది. ఇందు కేవలము లాభనష్టములే కాక మానవప్రాణములును ఇమిడియున్నవి. విశాఖ మన్యమునను, ఒడిశా కొండసీమలలోను గిరిజనులు మామిడి జీడిని ఆహారముగా వాడుట బహుకాలముగా కలదు. జీడిని ఎండబెట్టి, దంచి, మూటగట్టి, పారు నీటిలో ఉంచి వగరు పోగొట్టి, ఆ పిండితో అంబలి కాచుకొందురు. వగరు నీట కరగునదియని ఏ ప్రయోగశాలయు చెప్పకమునుపే వారు కనిపెట్టినారు. కాని వానకాలమున ధాన్యము నిండుకొని, ఇంట మిగిలినది జీడి ఒక్కటే అయినప్పుడు, అది చెమ్మగిలి బూజుపట్టినను వండుకొనక తప్పని స్థితి వచ్చును. 2001లో ఒడిశాలోని రాయగడ జిల్లా కాశీపూరు ప్రాంతమున పలువురు గిరిజనులు మరణించిరి. బూజుపట్టిన జీడి అంబలి కారణమని ప్రభుత్వ మనెను. ఆకలియే మూలకారణమని ఇతరులనిరి. 2024లో కంధమాల్ జిల్లాలో జీడి అంబలి త్రాగినవారిలో మరల మరణములు సంభవించెను. బూజు విషమైనను, ఆ విషమును ఎరిగియో ఎరుగకయో తినవలసివచ్చిన లేమి అంతకంటె పెద్ద విషము. జీడిని గూర్చి మాటాడువారు చాకొలెట్టును మాత్రమే తలంచి ఈ అంబలిని మరచుట న్యాయము కాదు.

బూజు పట్టుట యెట్లు? టెంకను పండునుండి తీసినప్పుడు జీడిలో సగమునకు దగ్గరగా నీరుండును. ఆ తేమలో రెండు కీడులు ఏకకాలమున సాగును. జీడిలోనే యున్న లైపేజ్ అను ఎంజైము త్రిశూలపు మొనలను విరిచి ఆమ్లములను విడగొట్టును. నూనె పులిసి, శుద్ధిచేయుటకు ఖర్చు పెరిగి, కొనువాడు ధర తగ్గించును. రెండవది బూజు. కొన్ని బూజులు అఫ్లటాక్సిన్ వంటి విషములను పుట్టించును. 1960లో ఇంగ్లండులో వేలకొలది టర్కీకోళ్లు చచ్చుటకు వాని మేతలోని బూజుపట్టిన వేరుసెనగపిండి కారణమని తేలిన పిమ్మట లోకమునకు ఈ విషము తెలియవచ్చినది. ఇది కాలేయమును దెబ్బతీయును; అంబలి కాచునంత వేడికి నశింపదు. కావున బూజుపట్టిన జీడిని కడిగినను, ఉడికించినను మంచిదగునని తలంచుట ప్రమాదము. దానిని మనుష్యులకు గాని పశువులకు గాని పెట్టరాదు.

దీనికి ప్రతిక్రియ సులభమైనదే. రసము తీసిన దినముననే టెంకలను కడిగి, గుజ్జును పీచును వదలించి, నేలపైగాక చాపమీదనో గచ్చుమీదనో పలుచగా పరచి ఎండబెట్టవలెను. టెంక ఎండి, లోని జీడి గలగలలాడునప్పుడు పగులగొట్టి, పురుగు తొలిచినవానిని, నల్లబడినవానిని ఏరివేసి, పప్పును మరల ఎండబెట్టవలెను. విరిచినప్పుడు పుటుక్కున విరిగినచో ఎండినట్లు, వంగినచో తేమయున్నట్లు. గోనెసంచులలో పోసి, గోడకు తగులకుండ, చెక్కబల్లపై నిలువచేయవలెను. వానలు ముదురుటకు ముందే ఈ పనియంతయు ముగియవలెను. తొలకరి తేమలో ఎండబెట్టబూనుట వ్యర్థము.

నూనె తీసిన పిమ్మట మిగులు పిండిలో పిండిపదార్థము, కొంత మాంసకృత్తు ఉండును. పశువుల దాణాలో దానిని కొద్ది పాళ్లలో కలుపవచ్చును. కాని టానిను అందే మిగిలియుండుటచే ఎక్కువ పెట్టినచో పశువు మేత తగ్గించును. కోళ్ల పెరుగుదల కుంటువడును. వగరు వదలించిన పిండినే మితముగా వాడవలెను.

సోదరీసోదరులారా! ఒక్క టెంకను పగులగొట్టి చూచినచో ఇంత శాస్త్రము, ఇంత వ్యాపారము, ఇంత దుఃఖము బయల్పడినవి. ఫ్రాన్సుదేశపు పండితుని గ్రంథము, మన్యపు తల్లి అంబలికుండ, చిత్తూరు సీమ కర్మాగారపు కుప్ప, వీటన్నిటిని కలుపు సూత్రము జ్ఞానము ఒక్కటియే. ఆ సూత్రమును గ్రామస్థుని చేతికందించుటకే గ్రంథాలయములు వెలసినవి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినప్పటినుండియు, చదువు వచ్చినవారు రానివారికి చదివి వినిపించుట ఈ ఉద్యమమునకు ఆచారముగా వచ్చుచున్నది. ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయమునకు ఆ ఆచారమును కొనసాగించుటకంటె మించిన ఉత్సవము లేదు.

అందుకు పెద్ద వ్యయము అక్కరలేదు. ప్రతి సంవత్సరము ఉగాది గడచిన పిమ్మట, మామిడి బజారునకు రాకముందే, గ్రంథాలయపు గోడమీద ఒక కాగితము అంటించిన చాలును. తినదగిన గింజలు ఇవి, తినరాని గింజలు ఇవి, టెంకను ఎండబెట్టు విధ మిది, బూజుపట్టినదానిని పూడ్చివేయవలెను అని నాలుగు మాటలు పెద్ద అక్షరములతో వ్రాసి, సాయంకాలము అక్షరము రానివారికి ఒకరు చదివి వినిపింపవలెను. ఆ నాలుగు మాటలవలన ఒక్క శిశువునకు వేపనూనె త్రాగింపకుండ ఆగినను, ఒక్క యింట బూజు జీడి కుండలోనికి పోకుండ నిలిచినను, గ్రంథాలయము తన ఋణము తీర్చుకొన్నట్లే.